వీధిలోంచి కనిపించని గది

మా నగర వారసత్వ కట్టడాల పరిరక్షణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు



ఈ ఉత్తరం ఇంగ్లిషు ప్రతిని మీ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. అదే సంగతిని తెలుగులో, నలుగురూ చదివేలా రాయడానికి కారణం ఉంది. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఎర్రపెంకుల పాత ఇళ్ళు కొంటున్నవాళ్ళలో ఇప్పుడు మా తెలుగువాళ్ళూ ఉన్నారు. తాళాలు చేతికొచ్చాక వాళ్ళు మొట్టమొదట పగలగొట్టించాలనుకునేది బాత్రూమ్. నేనూ పగలగొట్టించాను, సగం దాకా. ఆ సగం దగ్గర ఎందుకు ఆగానో మీకూ చెప్పాలి, మావాళ్ళకూ చెప్పాలి.

మా ఇల్లు 1927 నాటిది. తెల్లటి గార గోడలు, మట్టిపెంకుల కప్పు, వీధివైపు ఒక కమాను కిటికీ. కొన్న మరుసటి ఏడాది ఆ కిటికీ చట్రం కింది చెక్క పుచ్చిపోయింది. మార్చుకుంటానని మీ అనుమతి అడిగాను. మీరు రెండుసార్లు విచారణకు పిలిచారు. చెక్క నమూనా తెమ్మన్నారు, అద్దం మందం కొలవమన్నారు, రంగు మూడు ముక్కల మీద వేయించి ఎండలో చూశారు. తొమ్మిది వారాలు పట్టింది. అప్పుడు విసుక్కున్న మాట నిజం. ఇవాళ ఆ కిటికీ ముందు నిలబడితే మీరు చేసింది సబబే అనిపిస్తుంది.

ఆ తర్వాతి ఏడాది, 2023లో, అదే కౌంటర్ దగ్గర మరో దరఖాస్తు పెట్టాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత బాత్రూమ్‌ను చెక్క చట్రం బయటపడేదాకా పీకేసి కొత్తగా కట్టుకుంటామని. పావుగంటలో అనుమతి కాగితం చేతిలో పెట్టారు. ఆ గదిలో ఏముందని ఎవరూ అడగలేదు. అడిగినా నేను చెప్పగలిగేదాన్ని కాదు. రెండేళ్ళుగా రోజూ అందులో స్నానం చేస్తున్నాను గానీ, దాన్ని చూసింది లేదు.

చిన్న గది. ఐదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు. ఇద్దరు నిలబడితే ఒకరు తొట్టిలో ఉండాలి. ఆ తొట్టి ఒక కమాను కింద, గూట్లో దీపం పెట్టినట్టు ఒదిగి ఉంటుంది. గోడలకు భుజాల ఎత్తు దాకా ఆకుపచ్చ టైల్స్. తమలపాకును తిరగేస్తే కనిపించే రంగు అది, కొంచెం పాలిపోయి, కొంచెం మెరిసి. పైన నల్లని అంచు. అంచు కింద బెత్తెడు వెడల్పున నీలం, పసుపు, ఇటుక రంగు కలిసిన పూల పట్టీ. నేలంతా గోటి కంటే కాస్త పెద్దవైన ఆరు మూలల తెల్ల బిళ్ళలు. గోడలో ఇముడ్చిన సబ్బు గూడు, పళ్ళ బ్రష్షులకు పింగాణీ చట్రం, సింకు పైన అద్దం బిగించిన ఇనుప అలమర.

పని మొదలైన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సింకు పక్క గోడ నేలమీద ఉంది. యాభై మూడు టైల్స్ పోయాయి, వాటిలో ఏడు పూల పట్టీవి. దుమ్ము పడకగది దాకా పరుచుకుంది. 1978కి ముందు కట్టిన ఇంట్లో సీసం కలిసిన రంగులూ పూతలూ ఉండవచ్చునని, అలాంటిచోట పగలగొట్టేవాళ్ళు శిక్షణ పొంది ఉండాలని, దుమ్ము బయటికి రాకుండా తెరలు కట్టాలని 2010 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. తెర ఒక్కటీ లేదు. నేను పెట్టుకున్న కాంట్రాక్టర్ మనిషి మాత్రం ఒకటే ఫిర్యాదు చేశాడు: ఇంత మొండి గోడను ఎన్నడూ చూడలేదట, సుత్తి వెనక్కి తంతోందట, ఇంకో రెండు రోజుల కూలి ఎక్కువవుతుందట.

మా నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల నలభై ఏళ్ళు తాపీ మేస్త్రిగా చేసిన మనిషి. శిథిలాల్లోంచి ఒక ముక్క తీసుకున్నారు. పూలవైపు చూడలేదు. వెనక్కి తిప్పి మాలు చూశారు, గోటితో గీరారు, వేలు మడిచి తట్టారు.

"ఇది అంటించింది కాదమ్మా, కట్టింది. దీన్ని కొట్టేసి ఏం పెడతారట?"

బోర్డు బిగించి దానిమీద జిగురుతో టైల్స్ అంటిస్తారని చెప్పాను. ఆయన ముక్కను జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కున్నారు. నేను వెళ్ళి పని ఆపించాను.

కట్టింది అని ఆయన ఎందుకన్నారో ఆ సాయంత్రం విరిగిన అంచు దగ్గర కూర్చుని చూపించారు. చెక్క చట్రానికి సన్నని బద్దలు కొట్టారు. వాటిమీద తారు కాగితం, ఆపైన ఇనుప వల. వల మీద అంగుళం పైచిలుకు మందాన సిమెంటు మాలు ఎక్కించి, బద్దతో మట్టానికి లాగారు. ఆ మాలు పచ్చిగా ఉండగానే, నీళ్ళలో నానిన టైల్స్‌కు సిమెంటు పాలు పూసి, ఒక్కొక్కటే ఆనించి, చెక్క దిమ్మతో తట్టి కూర్చోబెట్టారు. ఆరాక టైలు, మాలు, వల ఒకే బండ. నేల కింద మాలు మందం ఇంకా ఎక్కువ. ఇక్కడి పనివాళ్ళు దీన్ని ఇప్పటికీ 'మడ్ జాబ్' అంటారు. పేరుకే బురద. 1933 లాంగ్ బీచ్ భూకంపం, 1971 సిల్మార్, 1994 నార్త్‌రిడ్జ్ మూడూ ఆ గోడ కిందినుంచే పోయాయి. మూడు భూకంపాలూ కలిసి మిగిల్చినవి నాలుగు వెంట్రుకవాసి బీటలు. యాభై మూడు టైల్స్ పోవడానికి మీరిచ్చిన కాగితం, నేను పెట్టిన మనిషి చాలాయి.

ఇక నా అసలు మాట. ఈ చరిత్ర మీకు తెలిసిందే అయినా, వరసలో పెట్టి చూడమని మనవి.

మనం స్పానిష్ ఇల్లు అంటున్నది స్పెయిన్ వాళ్ళు కట్టింది కాదు. ఈ నేల మీద స్పెయిన్ పాలన 1821లో ముగిసింది. మా ఇల్లు ఆ తర్వాత నూట ఆరేళ్ళకు పుట్టింది. 1915లో శాన్ డియేగోలో జరిగిన పనామా కాలిఫోర్నియా ప్రదర్శన కోసం బెర్ట్రమ్ గుడ్‌హ్యూ అనే వాస్తుశిల్పి బల్బోవా పార్కులో తెల్ల గోడలూ నగిషీ ద్వారాలూ రంగుల గోపురాలూ నిలబెట్టారు. దాంతో దక్షిణ కాలిఫోర్నియా తన పూర్వీకులు ఎవరో తేల్చేసుకుంది. 1925 జూన్ 29న భూకంపం సాంటా బార్బరా నడివీధిని కూల్చితే, ఆ ఊరు పట్టుబట్టి ఆ అలంకారంలోనే మళ్ళీ లేచింది. లాస్ ఏంజెలెస్ జనాభా 1920లో 5 లక్షల 76 వేలు. 1930కి 12 లక్షలు దాటింది. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇల్లు కావాలి, ఇంటితోపాటు చెప్పుకోవడానికి ఒక గతమూ కావాలి. అయోవా మంచులోంచి రైలు దిగిన గుమాస్తాకు వాయిదాల మీద స్పెయిన్‌లోని అండలూసియాను అమ్మారు. స్పానిష్ మతప్రచారకుల మిషన్ల గోడలకు మట్టి తొక్కిన ఆదివాసుల ఊసు ఆ అమ్మకం పత్రంలో ఎక్కడా లేదు.

ఆ విధంగా మా వీధిలో కమానులూ పెంకులూ ఇనుప ఊచలూ వచ్చాయి. అవి ముచ్చటైనవే, నేను వాటిని చూసే ఇల్లు కొన్నాను. కానీ అది వేషం. బాగా కట్టిన వేషం.

మిషన్ల కాలపు ఇంట్లో బాత్రూమ్ లేదు. అందువల్ల ఆ గదికి వేసుకోవడానికి వేషం దొరకలేదు. గడప దాటి అందులోకి అడుగుపెడితే ఇల్లు నాటకం మానేసి 1927 అయిపోతుంది. ఓవెన్స్ లోయ నీళ్ళను 233 మైళ్ళ దూరం నుంచి లాస్ ఏంజెలెస్‌కు తెచ్చిన కాలువ 1913లో తెరుచుకుంది. నీళ్ళు వచ్చాయి కాబట్టే ఈ ప్రాంతం పెరిగింది. ఇంట్లోనే వేడినీళ్ళు, మీట నొక్కితే దీపం, తుడిస్తే మరక నిలవని గోడ అప్పటి మనిషికి కొత్త గర్వం. ఆసుపత్రిలా తెల్లగా ఉండే గదిలోకి రంగు రావడమూ అప్పుడే. కోలర్ కంపెనీ రంగుల తొట్లు, సింకులు, కమోడ్లు అమ్మకానికి పెట్టింది 1927లోనే. మా ఆకుపచ్చ గోడ వెనక ఆ ఏటి ఉత్సాహమంతా ఉంది.

ఇంకో చిత్రం. ఇంటి మొత్తంలో నిజంగా స్పెయిన్‌తో చుట్టరికం ఉన్న వస్తువు ఏదైనా ఉంటే అది ఆ పూల పట్టీయే. దాన్ని చేసిన పద్ధతిని 'క్వెర్డా సేకా' అంటారు. అంటే ఎండు తాడు. జిడ్డు కలిపిన మాంగనీసుతో టైలు మీద గీతలు గీసి, గీతకూ గీతకూ మధ్య రంగుల గాజుపూత నింపుతారు. జిడ్డు నీళ్ళ పూతను దగ్గరికి రానీయదు కాబట్టి రంగులు కలిసిపోవు. బట్టీలో జిడ్డు కాలిపోయి నల్లని గీత మిగులుతుంది. అరబ్బుల ఏలుబడిలో స్పెయిన్ నేర్చుకున్న విద్య ఇది. టైలుకు స్పానిష్‌లో ఉన్న 'అజులేహో' అన్న పేరే అరబ్బీ మాట. ముందు గోడ స్పెయిన్ అనుకరణ, స్నానాల గది స్పెయిన్ చేతి పని. మీరు తొమ్మిది వారాలు కాపాడింది మొదటిదాన్ని. పావుగంటలో వదిలేసింది రెండోదాన్ని.

ఆ చేతి పని ఇక్కడ బతికింది కూడా ఎన్నాళ్ళో కాదు. ఎర్నెస్ట్ బాచెల్డర్ పాసడీనాలో తన పెరట్లో బట్టీ పెట్టుకుని మొదలుపెట్టిన సంస్థ 1932లో మూతపడింది. మే రింజ్ అనే ఆవిడ సముద్రపుటొడ్డున నడిపిన మాలిబు పాటరీస్ ఆయుష్షు 1926 నుంచి 1932 దాకానే. కాటలీనా ద్వీపపు బట్టీలు 1937లో చల్లారాయి. మాంద్యం ఆ పరిశ్రమ నడుం విరిచింది. మా టైల్స్ వెనక ఏ పేరూ లేదు, మాలు పట్టడానికి గాళ్ళు మాత్రమే ఉన్నాయి. మాలిబు టైల్స్‌తో నింపిన ఆడమ్సన్ ఇంటిని జనం టికెట్ కొని చూస్తారు. ఊరూ పేరూ లేని టైలు కోసం ఎవరూ రారు. వీధికొక ఇంట్లో అలాంటి గది ఉంది గనకనే దాన్ని చెత్త తొట్టిలో వేయడానికి ఎవరికీ చెయ్యి వణకదు. వీధికొకటి ఉండేది పదేళ్ళకు ఊరికొకటి అవుతుంది. అప్పుడు మీరే వచ్చి ఫలకం పెడతారు.

పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలంటున్నాననుకోకండి. ఆ గదిలో మార్చాల్సినవి చాలానే ఉన్నాయి, మార్చాను కూడా. ఎలా మార్చానో చెబితే నేను అడగబోయేది అసాధ్యం కాదని తెలుస్తుంది.

గోడ ముందువైపు గట్టిదే, వెనక ఉన్న పైపులే ముసలివి. జీఐ పైపులు లోపల తుప్పు కట్టి, పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. వాటిని మార్చాలంటే టైల్స్ పగలగొట్టక తప్పదని నాకు ముగ్గురు చెప్పారు. నాలుగో మనిషి, వయసు మళ్ళిన ప్లంబర్, బాత్రూమ్‌లోకి రాకుండా నేరుగా పక్క పడకగదిలోకి వెళ్ళి బట్టల అలమర తలుపు తీశాడు. తొట్టి కుళాయిల వెనక గోడ అదే. అలమర లోపలి గారను రెండడుగుల వెడల్పున కోసి, అటునుంచి రాగి పైపులు వేశాడు. గారకూ పాత పైపులకు చుట్టిన గుడ్డకూ ఆస్బెస్టాస్ పరీక్ష చేయించాకే కోశాడు. మురుగు పని అంతా ఇంటి కిందినుంచి జరిగింది. ఈ ఇళ్ళకు నేలకూ చెక్క అంతస్తుకూ మధ్య మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది. తొట్టి కింద ఉన్న పాత డ్రమ్ ట్రాప్, ఇప్పటి నిబంధనలు ఒప్పుకోని సీసపు డబ్బా, తీసేసి పీ ట్రాప్ పెట్టాడు. ఒక్క టైలు కూడా కదలలేదు.

బట్టల అలమర వెనక గోడ తెరిచినప్పుడు లోపల ఒక కుప్ప కనిపించింది. తుప్పు పట్టిన క్షౌరం బ్లేడ్లు, వందల కొద్దీ. సింకు పైనున్న ఇనుప అలమరలో ఒక సన్నని చీలిక ఉంటుంది. వాడేసిన బ్లేడును అందులో వేస్తే గోడ లోపలికి జారిపోతుంది. ఆ కాలపు ఇళ్ళు చాలావాటిలో ఇదే ఏర్పాటు. గోడ ఎప్పటికీ నిండదని, దాన్ని ఎవరూ తెరవరని వాళ్ళ నమ్మకం. మా ఇంట్లో ఎందరు మగవాళ్ళు ఎన్ని ఉదయాలు గడ్డం గీసుకున్నారో ఆ కుప్ప లెక్క చెబుతుంది. డబ్బాలో పోసి ఉంచాను. మీరు వస్తే చూపిస్తాను.

కమోడ్ మార్చాం. పాతది ఒకసారికి ఐదు గాలన్లకు పైనే మింగేది. ఇప్పుడు కాలిఫోర్నియాలో అమ్మే కొత్తవాటికి 1.28 గాలన్లు చాలు. కరువు చూసిన రాష్ట్రంలో నీళ్ళ దగ్గర పాతదనం పేరు చెప్పి మొండికేయడం తప్పు. సింకు పక్కన సాకెట్ మార్చాం, తడిచేత్తో ముట్టుకుంటే కరెంటు ప్రమాదం చేయకముందే ఆగిపోయేది. ఆవిరి పోవడానికి ఫ్యాన్ పెట్టాం. నాన్న మోకాళ్ళకు తొట్టి గట్టు ఎత్తవుతోందని పట్టుకునే కడ్డీ కావాల్సివచ్చింది. దానికి అలమర వైపునుంచి చట్రంలో అడ్డచెక్క బిగించి, ఇటువైపు పూలులేని సాదా టైల్స్ నాలుగింటికి నీళ్ళు పోస్తూ వజ్రపు బిట్‌తో రంధ్రాలు చేశారు. కడ్డీ వద్దనుకున్నవాళ్ళు రేపు ఆ నాలుగింటినే మార్చుకోవచ్చు. అమ్మ సంగతి వేరు. తొట్టిలో పడుకుని చేసేది ఆవిడ దృష్టిలో స్నానమే కాదు. పోత ఇనుప తొట్టి మధ్యలో ప్లాస్టిక్ బకెట్, చెంబు, ఒక చిన్న పీట పెట్టుకుంది. 1927 దానికీ అభ్యంతరం చెప్పలేదు.

కూలిన గోడ కట్టడానికి మడ్ జాబ్ తెలిసినవాళ్ళు కావాలి. రెండు నెలలు వెతికితే మెక్సికోలోని హలిస్కో నుంచి కుర్రతనంలో వచ్చిన ఒక పెద్దాయన దొరికారు. మా నాన్నకు ఇంగ్లిషు రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరూ పొద్దున్నుంచీ గోడను వేళ్ళతో తడుతూ, డొల్లగా మోగినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోయారు. మాలు కలిపేటప్పుడు నాన్న ఇసుక పాలు ఇంకాస్త అని చెయ్యి ఊపారు. ఆయన తలెత్తి చూసి, "మాయెస్త్రో" అన్నారు. "అవును, మేస్త్రినే" అన్నారు నాన్న, తన వృత్తి ఈయనకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోతూ. మన మేస్త్రి పోర్చుగీసు ఓడల్లో దిగిన మాట. స్పానిష్ మాయెస్త్రో దానికి తోబుట్టువు. ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. చెప్పకపోయినా వాళ్ళిద్దరికీ లోటేమీ లేకపోయింది.

యాభై మూడు టైల్స్ లెక్క ఇలా తేలింది. తలుపు వెనక ఎవరికీ కనపడని మూల నుంచి మాలుతో సహా పద్దెనిమిది కోసి తీస్తే, చెక్కేసరికి పన్నెండు దక్కాయి. పాత ఇళ్ళ సామాను అమ్మే యార్డుల్లో తిరిగి తిరిగి, దగ్గరి రంగువి పద్దెనిమిది ఏరుకొచ్చాం. మిగిలిన ఇరవై మూడు, పూల పట్టీ ఏడుతో కలిపి, ఒక కుమ్మరి కళాకారిణి చేసిచ్చింది. ఆమె తెచ్చిన మొదటి ఎనిమిది నమూనాలు పగలు కలిసి రాత్రి దీపం కింద విడిపోయేవి. తొమ్మిదోది నిలిచింది. కొత్త టైల్స్ వెనక 2024 అని అచ్చు వేయించాను. ముందునుంచి చూసేవాడికి గది ఒక్కటిగా ఉండాలి, రేపు విప్పి చూసేవాడికి అబద్ధం చెప్పకూడదు. ఇది మీ శాఖ పాఠమే: బాగుచేయగలిగిందాన్ని మార్చవద్దు, చేర్చినదాన్ని పాతదని నమ్మించవద్దు అని ఫెడరల్ ప్రమాణాలు చెబుతాయి.

ఖర్చు తగ్గిందా అంటే లేదు. కొత్తగా కట్టడానికి మొదట చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే అయింది, కాలం మూడింతలు పట్టింది. అందులో ఎక్కువ భాగం ఆ ఒక్క మధ్యాహ్నం కూల్చినదాన్ని నిలబెట్టడానికే పోయింది. ఆ గోడను ముట్టుకోకపోయి ఉంటే మిగిలేది పైపుల పనీ కరెంటు పనీ మాత్రమే.

ఈ టైల్స్ ఎంత గట్టివో చూపిన సంగతి ఇంకోటి ఉంది. 2025 జనవరిలో ఈటన్ కార్చిచ్చు పాసడీనా పక్కనున్న ఆల్టడీనాను కాల్చింది. 9 వేలకు పైగా కట్టడాలు పోయాయి. ఇళ్ళు బూడిదై పొగగొట్టాలు మాత్రం నిలబడ్డాయి, వాటి మొదట్లో బాచెల్డర్ టైల్స్ చెక్కుచెదరకుండా. శిథిలాలు ఎత్తే యంత్రాలు రాకముందే స్వచ్ఛందంగా జనం, తాపీ పనివాళ్ళు మాస్కులు కట్టుకుని వెళ్ళి వాటిని ఒక్కొక్కటే విప్పి, సంఖ్యలు వేసి, ఇల్లు పోయినవాళ్ళకు అప్పగించారు. సర్వం పోయినవాళ్ళు ఆ కాసిని మట్టి పలకలకు ఏడ్చారు. బట్టీలో కాలి పుట్టినదాన్ని నిప్పు ఏమీ చేయలేకపోయింది. అటువంటిదాన్ని మనం చల్లటి పూట, కాగితం మీద సంతకం పెట్టి పగలగొడుతున్నాం.

అందుకే నాలుగు కోరికలు.

మొదటిది, తనిఖీకి వచ్చినప్పుడు లోపలికి రండి. 1972 నాటి మిల్స్ చట్టం కింద మీతో పదేళ్ళ ఒప్పందం చేసుకున్న యజమానులకు ఇంటి పన్ను తగ్గుతుంది. ఒప్పందానికి ముందు ఒకసారి, తర్వాత ఐదేళ్ళకొకసారి ఇంటిని లోపలా బయటా చూడాలని ఆ చట్టమే అంటోంది. మా ఒప్పందం జాబితాలో పెంకులున్నాయి, కిటికీలున్నాయి, ముంగిట్లో దీపం ఉంది. బాత్రూమ్ లేదు. అసలు టైల్స్ ఉన్నచోట నాలుగు ఫొటోలు తీసి ఫైల్లో పెట్టండి. అంతమాత్రానికే యజమాని దాన్ని వేరే కంటితో చూస్తాడు.

రెండోది, 1940కి ముందు కట్టిన ఇంట్లో బాత్రూమ్ కూల్చడానికి అనుమతి అడిగితే పది రోజులు ఆగండి. నిరాకరించమనడం లేదు. ఎవరి ఇల్లు వారిది. వీల్‌చైర్ తిరగాల్సిన ఇల్లుంటుంది, చట్రం దాకా కుళ్ళిన గోడ ఉంటుంది, కొట్టక తప్పనివి ఉంటాయి. ఆ పది రోజుల్లో తట్టి చూసే మనిషి ఒకరు వచ్చి, ఏది గట్టిది, ఏది డొల్ల, ఏది తీసి దాచుకోవచ్చు అని చెప్పిపోతే చాలు.

మూడోది, కౌంటర్ మీద ఒక కాగితం పెట్టండి. చారిత్రక కట్టడాలకు కాలిఫోర్నియాలో వేరే నిర్మాణ నిబంధనావళి ఉందని, 24వ శీర్షికలో 8వ భాగమని, అర్హత ఉన్న ఇంటికి దాని ప్రకారం ప్రత్యామ్నాయ పరిష్కారాలు అడగవచ్చునని నాకు పని సగం అయ్యాక తెలిసింది. సుత్తి ఎత్తకముందు తెలియాల్సిన సంగతి అది. ఆ కాగితంలోనే ఇంకో వాక్యం రాయండి: పైపులు మార్చడానికి ముందుగా గోడ వెనకవైపు ఏ గది ఉందో చూడండి అని.

నాలుగోది, నగరపాలక గిడ్డంగిలో ఒక అర ఇవ్వండి. ఒక ఇంట్లో తీసేసిన టైల్స్ అక్కడ పెడితే, ఇంకో ఇంట్లో పోయినవాళ్ళు వచ్చి వెతుక్కుంటారు. మా పన్నెండు టైల్స్ కోసం మేం మా గోడనే కోసుకున్నాం. అదే నెలలో రెండు వీధుల అవతల ఒక ఇంటి ముందు చెత్త తొట్టినిండా ఆకుపచ్చ ముక్కలు కనిపించాయి. అదే తమలపాకు రంగు. అన్నీ పగిలినవే.

చివరగా మావాళ్ళకు ఒక్క మాట. ఊరికి వెళ్ళినప్పుడు కోనసీమలో కూల్చేసిన మండువా లోగిళ్ళ ముందు నిలబడి అయ్యో అనుకుంటాం. ఆ స్తంభాలు ఎవరో కొనుక్కుపోయారని బాధపడతాం. ఇక్కడ మనం కొన్న ఇంట్లో ఆ 'ఎవరో' మనమే. గోడను పగలగొట్టేముందు వేలు మడిచి ఒకసారి తట్టండి. గట్టిగా మోగితే, దాన్ని కట్టినవాడి పని ఇంకా అయిపోలేదని అర్థం.

అధ్యక్షా, అలమరలో కోసిన గారను మళ్ళీ మూసేయలేదు. రెండడుగుల చెక్క తలుపు పెట్టించాం, చిన్న గొళ్ళెంతో. మా తర్వాత వచ్చేవాళ్ళ ప్లంబర్ సుత్తి బదులు ఆ గొళ్ళెం తీస్తాడని ఆశ. తలుపు లోపలివైపు బ్లేడ్ల డబ్బా, మిగిలిన మూడు టైల్స్, ఏ పైపు ఎటు పోతుందో నాన్న గీసిన బొమ్మ ఉన్నాయి. బొమ్మ మీద రాత తెలుగులో ఉంది. బాణం గుర్తులు ఎవరికైనా అర్థమవుతాయి.

వచ్చే ఏడాది మా ఇంటికి తనిఖీ ఉంది. వీధిలో నిలబడి కిటికీ ఫొటో తీసుకుని వెళ్ళిపోకండి. తలుపు తట్టండి. లోపలికి వచ్చి కుడివైపు రెండో గది. ఒకరి తర్వాత ఒకరు రావాలి, ఇరుకు.

ఇట్లు,
మీ నగర పౌరురాలు, ఒక తాపీ మేస్త్రి కూతురు